లాగే బరువు

బండికి ఏది తగిలించాలన్నా హార్లన్ ముందు తన పికప్ ట్రక్కు వెనక భాగాన్ని రెండు అరచేతులతో కిందికి నొక్కి చూస్తాడు. పొలం అమ్మేశాడు. ట్రాక్టర్‌ను మాత్రం తనతో బిల్లింగ్స్ పట్నానికి తీసుకుపోవాలనుకున్నాడు. ఏటా గడ్డి కోతల్లో దాన్ని నడిపింది అతని భార్య వెర్నా. ఆమె పోయి ఏడాదయింది. దాన్ని ఎక్కించేంత పెద్ద ట్రైలర్ కావాలని అడిగితే, ట్రైలర్లు అమ్మే డ్వేన్ నవ్వాడు.

"ట్రాక్టర్ బరువొక్కటే లెక్కేశారు పెద్దాయనా. ట్రైలర్ బరువు మీ అత్తగారు మోస్తుందా? మీ బండి లాగుతుంది గానీ, దిగుడులో ఆపడం దాని వల్ల కాదు."

"మెల్లగా పోతాలే."

"మీరు మెల్లగానే పోతారు. వెనకున్నది పోనివ్వదు."

హార్లన్ చివరికి సామాను పట్టే చిన్న ట్రైలరే తీసుకున్నాడు. మర్నాడు పొద్దున ట్రాక్టర్ ఇనప సీటు విప్పి, ట్రైలర్ మధ్యలో పెట్టి తాళ్లతో కట్టాడు. ఆ బరువుకు బండి కొంచెమైనా కిందికి దిగలేదు. అయినా రెండు అరచేతులతో నొక్కి చూశాడు.