బకెట్లో నానిన అంతరిక్ష నౌక

హైటెక్ సిటీలో పని అంటే, ఏ అంతస్తు అని అడుగుతారు జనం. అన్ని అంతస్తులూ నావే, కాకపోతే బాత్రూం వరకే. నేను టైల్స్ మేస్త్రీని. ఏడో తరగతిలో బడి మానేసిన రోజు, వీడిక జన్మలో పైకి రాడని మా సారు తేల్చేశారు. ఏడాది తిరక్కుండానే పరంజా మీద మూడో అంతస్తు ఎత్తున ఉన్నాను. ఆయనే వచ్చి చూడలేదు.

మా ఆవిడ నర్సు. ఆమెది భీమవరం వైపు. కొండాపూర్ దగ్గర ఒక ఆసుపత్రిలో, పిల్లల వార్డులో చేరి అప్పటికి రెండు నెలలు. ఆరు నెలలు గడిచి, ఇన్‌ఛార్జి సిస్టర్ మంచి మాట రాస్తేనే ఉద్యోగం ఖాయం. ఆ సిస్టర్ తుమ్మినా మియాపూర్‌లో మా గది వణికేది.

ఒక శనివారం సాయంత్రం ఆవిడ పెద్ద డబ్బా ఒకటి మోసుకొచ్చింది. నిండా రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే పట్టుకునేవి. వార్డులో పిల్లలు ఆడుకుంటారు. నెలకోసారి సబ్బునీళ్లతో కడగాలట. అక్కడ సింకు పాడైందని, ఇంట్లో కడిగి తెస్తానని తనే ముందుకొచ్చి సంతకం పెట్టింది.

"రేపు నాకు పొద్దున డ్యూటీ అండీ. మీకు సెలవేగా, కాస్త కడిగి ఎండలో ఆరబెట్టండి. సోమవారం అప్పజెప్పాలి. ఒక్క ముక్క తగ్గినా మా సిస్టర్‌కి నా మొహం చూపించలేను."

"ఇటుకల ముచ్చట మేస్త్రీకి చెప్తున్నవా?"

"మేస్త్రీ అనే కదా నా భయం."

ఆదివారం పొద్దున్నే కడిగాను. మేడ మీద పాత దుప్పటి పరిచి ఆరబోశాను. అంతవరకూ బుద్ధిమంతుడినే. ఆరేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని రెండు ముక్కలు కలిపాను. ఆ రెండూ కలిస్తే, చిన్నప్పుడు టీవీలో చూసిన నౌక మూతిలా కనిపించింది. ఇక నన్ను ఆపేవాళ్లెవరు?

మా వీధి సెలూన్‌లో ఆదివారాలు ఒక సీరియల్ వచ్చేది. అందులో నక్షత్రాల మధ్య తిరిగే నౌక ఒకటి. సొరకాయలా పొడుగ్గా ఉండి, ఒక పక్కన మాత్రమే చిన్న గది. పిల్లను చంకనెత్తుకున్న తల్లిలా ఉండేది. దాని కోసం నేను నెలకు నాలుగుసార్లు క్షవరానికి వెళ్లేవాణ్ణి. నెత్తిన వెంట్రుకలు లేకున్నా వంతు కోసం కూర్చునేవాణ్ణి.

పన్నెండు గంటలకల్లా నౌక తయారైంది. మూతి మాత్రం నిలవలేదు. ఎత్తిన ప్రతిసారీ విరిగి దుప్పటి మీద పడింది. మూడుసార్లు చూశాను. నాలుగోసారి నా చేయి తనంతట తానే పనిముట్ల సంచిలోకి వెళ్లింది. పదిహేనేళ్లుగా సిమెంటు మాల్ పెట్టకుండా ఇటుక మీద ఇటుక పెట్టి ఎరగని చేయి అది. సంచిలో వడ్రంగులు తలుపులకు వాడే తెల్ల జిగురు దొరికింది. ప్రతి అతుకుకూ దట్టంగా పూశాను. ఎండ బాగుంది. బిగుసుకుంది. నౌకను మూతి పట్టుకుని ఎత్తి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడింటికి మా ఆవిడ మేడెక్కింది. ముందు నవ్వింది. తర్వాత ఒక ముక్క లాగి చూసింది. రాలేదు. ఇంకోటి లాగింది. నవ్వు పోయింది.

"ఏం పూశారండీ దీనికి?"

చెప్పాను.

ఆమె అరిచి ఉంటే బాగుండేది. మెట్ల మీద కూర్చుని, "సంతకం నాది" అంది. అంతే.

అప్పుడు గుర్తొచ్చాయి నా బాత్రూం తలుపులు. ఎంత గొప్ప ఆఫీసైనా, నీళ్లు తగిలే చోట తలుపు అడుగు అంచు ఉబ్బిపోయి, ఈ జిగురే మళ్లీ తెల్లబడి, పొరలు విడిపోతాయి. నేను చూడని తలుపా?

"జర ఆగు, పరేషాన్ గాకు" అని కిందికి పరిగెత్తాను. బకెట్లో చేయి పెట్టగలిగేంత వేడినీళ్లు పోసి నౌకను ముంచాను. ఇద్దరం బకెట్‌కు చెరో పక్క కూర్చున్నాం.

ఊరికే కూర్చోలేక, నేను చెప్పిన సీరియల్‌ను ఆవిడ ఫోన్‌లో వెతికి పట్టుకుంది.

"ఇదేనా మీ నౌక? దీనికి గది కుడి పక్క ఉందేంటి? మీరు ఎడమ పక్క పెట్టారు."

"ఆ వీడియో తప్పు. నేను కండ్లార చూసిన."

"ఎక్కడ?"

"సెలూన్ల."

"టీవీ ఎక్కడుండేది?"

"ఎనక, మా నెత్తి మీద."

"మరి మీరెటు చూస్తూ కూర్చునేవారు?"

"అద్దంలకెళ్లి…" అని ఆగిపోయాను.

ఆమె పెదవి బిగబట్టింది గానీ, భుజాలు కదలడం చూశాను. సగం ప్రాణం అప్పుడే లేచొచ్చింది.

మిగతా సగం ఐదింటికి వచ్చింది. బకెట్లో నీళ్లు పాలలా మారాయి. మూతి దగ్గర ముక్కను మెల్లగా తిప్పాను. కదిలింది. ఊడింది. జిగురు పాల మీగడలా ఒక్క పొరగా చేతికొచ్చింది. కింద ప్లాస్టిక్ కొత్తదిలా మెరిసింది. "వచ్చింది!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క మేడ మీద బట్టలు తీస్తున్నావిడ తొంగిచూసింది. ఒక్కో ముక్కా విడదీసి, పాత టూత్ బ్రష్‌తో మూలమూలలా తోమాం.

తోముతుంటేనే తెలిసింది, మూతి ఎందుకు నిలవలేదో. జాయింట్ మీద జాయింట్ పెట్టాను. అదే పని నా కింద వాళ్లు చేస్తే గోడ పడగొట్టిస్తాను. ముక్కలు ఆరాక, "ఒక్క పది నిమిషాలు" అని ఆవిడను బతిమాలి మళ్లీ కట్టాను. ఈసారి ప్రతి అతుకు మీదా నడిమధ్యకు ఇంకో ఇటుక వచ్చేలా పేర్చాను. గది కుడి పక్కకు మార్చాను. ఆవిడ మూతి పట్టుకుని ఎత్తి రెండుసార్లు ఊపింది. చుక్క జిగురు లేకుండా నిలబడింది. ఫోటో తీసి, విప్పి, డబ్బాలో వేశాం.

సోమవారం సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగాను, "ఏమన్నదే మీ సిస్టర్?"

"మూత తీసి చూసి, ఇంత శుభ్రంగా ఎవరు కడిగారు అంది."

"నువ్వేమన్నవ్?"

"మా ఆయన అన్నాను. అయితే ఇకనుంచి ప్రతి నెలా ఆయనకే పంపుదామంది."

ఉద్యోగం ఖాయమై చాలా నెలలైంది. సింకు బాగైనా డబ్బా మా ఇంటికే వస్తుంది. పొద్దున కడిగి, మధ్యాహ్నం నౌక కట్టి, సాయంత్రానికి విప్పేస్తాను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట కొంచెం మెరుగవుతుంది. తెల్ల జిగురు మాత్రం ఆ రోజు ఇంట్లో ఉండదు. మా ఆవిడ దాన్ని తన సంచిలో వేసుకుని డ్యూటీకి తీసుకెళ్తుంది.