సున్నపు శిలువ

మా మేష్టారు ఎర్మీలో సారతేకి విశ్వవిద్యాలయంలో ఇంకో పేరుండేది: పడకగది పంతులు. పూర్వం ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఎవరి పక్కన పడుకున్నారు, అందుకు ఏ కోర్టు ఎవర్ని కొరడాలతో కొట్టించింది అన్నదే ఆయన చెప్పే చరిత్ర. రాజుల గురించీ యుద్ధాల గురించీ చెప్పేవాళ్ళకి గదులిచ్చారు. ఈయనకి మెట్లకింద, చీపుళ్ళ పక్కన బల్ల వేశారు. అక్కడే ఆయన జుట్టు నెరిసింది.

“పాత కాగితంలో ఇద్దరు మగాళ్ళు ఒకే ఇంట్లో కాపురముండి, రెండోవాణ్ణి ‘స్నేహితుడు’ అని రాసుంటే, అక్కడ ఆగండర్రా” అనేవారు మాతో. “పరిగెత్తకండి. ఏడవడానిక్కూడా హక్కులేనివాడు ఒకడు అక్కడున్నాడు.”

ఆయనా ఏళ్ళ తరబడి ఒక ఇంట్లోనే ఉన్నారు, రొట్టెల బట్టీ నడిపే అబుందియోతో. ఆ సంగతి శిష్యులం మాకు తెలుసు. అబుందియో తల్లి క్రెసెన్సియాకి మాత్రం ఆయన మేడమీద అద్దెకుండే పెద్దమనిషి. “మా అమ్మ ఉన్నన్నాళ్ళూ వద్దు” అన్నాడట అబుందియో. ఊరందరి గుట్టూ పుస్తకాలకెక్కించిన మనిషి సొంత ఇంట్లో నోరు కుట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండేది.

తల్లి ఉంది. కొడుకే పోయాడు, బట్టీ ముందు గుండె ఆగి.

మెక్సికోలోని మా వాహాకా ఊరి పేటల్లో మనిషి పోయిన ఇంట నేలమీద సున్నప్పొడితో శిలువ వేస్తాం. తొమ్మిది రోజుల ప్రార్థనలయ్యాక దాన్ని ఎత్తి సమాధికి చేరుస్తాం. ఇంటివాళ్ళు దాన్ని ముట్టరు, బెంచీమీద కూర్చుని ఏడుస్తారు. ఎత్తేది బయటివాళ్ళలో ఆప్తులు. వాళ్ళు కన్నీరు పెట్టకూడదు, పోయినవాడి దారి బురదవుతుందంటారు.

ఆ తొమ్మిది రోజులూ మేష్టారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఎవరైనా బెంచీమీద కాస్త జరుగుతారేమోనని చూశారు. ఎవరూ జరగలేదు. చివరి సాయంత్రం అబుందియో చెల్లెలు యుఫ్రాసియా తాగడానికి వేడి చాక్లెట్ కప్పు ఆయన చేతికిచ్చి, “మేష్టారూ, శిలువ తలభాగం మీరే ఎత్తాలి. మా అన్నయ్యకి మీరంటే ప్రాణం” అంది. మా పేటలో అంతకంటే పెద్ద గౌరవం లేదు.

“పుస్తకాల దుమ్ము తప్ప ఎరగని చేతులు, సున్నం ఒలకబోస్తాయేమో చూసుకో!” అన్నాడు పక్కింటాయన ఆమెతో. అందరూ కొంచెం నవ్వారు.

మేష్టారు మోకాళ్ళమీద కూర్చున్నారు. ప్రార్థన చెప్పే ఆవిడ పాట అందుకుంది. ఆయన చేతులు కదల్లేదు. తలెత్తి క్రెసెన్సియా వైపు చూశారు.

“అమ్మా, ఇంటివాళ్ళు ఎత్తకూడదు కదా.”

ముసలావిడ వంగి ఆయన చెంప నిమిరింది. “కూడదు నాయనా. అందుకేగా నిన్ను పిలిచాం. నా బిడ్డకి నీలాంటి స్నేహితుడు ఇంకెవడున్నాడు?”

ఎంత ప్రేమగా అందో! మేష్టారు ఆ మాట దగ్గర ఆగిపోయారు. పాట మళ్ళీ మొదటికి వచ్చేదాకా ఆగే ఉన్నారు. తర్వాత ఆయన దోసిళ్ళతో సున్నం పోగుచేసి, ఒక్క పలుకైనా ఒలకకుండా పళ్ళెంలో పోశారు.

బెంచీమీద వాళ్ళంతా గొల్లుమన్నారు. మేష్టారు ఏడవలేదు.