పసుపు పోగు కట్టిన పాట

నా కారు స్టీరియోకు గుచ్చిన పెన్‌డ్రైవ్ మెడకు పసుపు రంగు పట్టుపోగు ఒకటి కట్టి ఉంటుంది. వేలెడంత కూడా లేని ఆ ముక్కలో మా ధర్మవరం ఇంటి క్యాసెట్లలోని పాటలన్నీ ఉన్నాయి, కావలసింది మాత్రం అడిగినప్పుడు దొరకదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది నా పని.

మొన్న హిందూపురంలో బయల్దేరేటప్పుడు నాయన ముందు సీట్లో కూర్చుని ఒక్కటే అడిగాడు. ధర్మవరంలో మా పాత మగ్గాల ఇల్లు పడగొట్టి చిన్నాయన కొత్తిల్లు కట్టాడు, ఆ రోజే గృహప్రవేశం.

"మగ్గం గుంత పూడ్చిన ఇంట్లోకి కాలు పెట్టేముందు మాయమ్మ గొంతు ఒకతూరి ఇనిపీబ్బా" అన్నాడు.

అదెంత పని అనుకున్నాను. బటన్ నొక్కగానే ఏదో భజన అందుకుంది. తెలుగులో నేను కష్టపడి పెట్టుకున్న పాటల పేర్లన్నీ, స్టీరియోకు తెలుగు రాక, తెర మీద వరసగా ఖాళీ డబ్బాలై కనబడ్డాయి, ఏ డబ్బాలో నాయన వాళ్ళమ్మ, మా అవ్వ, ఉందో కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. నోటితో చెబితే వింటుందని కొన్నప్పుడు చెప్పారు కదా అని అవ్వ పాట పెట్టమని గట్టిగా అరిస్తే, అది మా బోరు మోటారు మెకానిక్‌కు ఫోన్ కలిపింది. అవ్వ పాట ఒక్కటే వేరేగా పెట్టుకోమని మా ఆవిడ ముందే చెప్పింది, నాకేమో ఇల్లంతా వెంట ఉండాలని ఆశ.

ఆ పాత ఇంట్లో ఇన్ని తిప్పలు లేవు. నాయనకు చదువు రాదు కాబట్టి ప్రతి క్యాసెట్‌కూ చీర నేయగా మిగిలిన పట్టుపోగు కట్టేవాడు, ఎరుపు కడితే భజనలు, ఆకుపచ్చ కడితే నాటకం పద్యాలు, నీలం కడితే సినిమా పాటలు, మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని అడ్డపోగు వేసే నాడె విసురుతూ "ఎర్రది ఎయ్" అంటే మేం పరుగెత్తేవాళ్ళం. ఉడికిన పట్టు వాసన, రాగి సంగటి వాసన, వేడెక్కిన టేప్ రికార్డర్ వాసన ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఆ చీకటి గదిలో తిరిగేవి. బ్యాటరీలు అయిపోతాయని క్యాసెట్‌ను మెషీన్లో వెనక్కి తిప్పనిచ్చేవాడు కాదు, దాన్ని పట్టు చుట్టే కండెపుల్లకు గుచ్చి గిర్రున తిప్పేవాళ్ళం, ఎవరిది ముందు అయిపోతే వాళ్ళకు ఉగాదికి చేసే తీపి ఓళిగల్లో పెద్దది అని అక్కా నేనూ చెరొకటి పట్టుకుని పందెం వేసుకునేవాళ్ళం. వానాకాలంలో గుంతలో చెమ్మ చేరి పోగులు బిగుసుకుని మగ్గం మొరాయించేది, అదేం మాయో టేపు కూడా అప్పుడే సాగి, పాడేవాళ్ళందరూ నిద్రమొహాలతో పాడినట్టుండేది, నాయన ఆ రెంటినీ కలిపి తిట్టేవాడు.

పసుపు పోగు క్యాసెట్ మాత్రం అవ్వది. ఆమె రాట్నం దగ్గర కండెలు చుడుతూ పాడుతుంటే నాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే రికార్డు చేశాడు.

పెనుకొండలో టీకి ఆగడం నేను చేసిన పెద్ద తప్పు. అప్పటికి ఒక్కో పాటా దాటించుకుంటూ పద్యాల దాకా వచ్చాను, టీ తాగొచ్చి కారు స్టార్ట్ చేస్తే మళ్ళీ మొదటి భజనే. స్టీరింగ్ మీద గుద్దాను. ఆ డబ్బాలను చూపించి, ఏం చదివేది దీన్ని, అని విసుక్కున్నాను.

నాయన తెర వైపు వంగి చూసి, "నాకు అచ్చరాలన్నీ ముందు నుంచీ ఇట్లనే కనబడతాండాయి. నువ్వు బండి చూసి తోలు" అన్నాడు.

అక్కడి నుంచి ఇంజన్ ఆపలేదు. బటన్ నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది, కోపంతో ఆకలి కూడా తెలియలేదు. మా వీధి మలుపు తిరిగాక, షామియానా కనబడుతుండగా, స్పీకర్లలోంచి టకటకమని మగ్గం చప్పుడు వచ్చింది.

"ఇది మనదే" అన్నాడు నాయన.

దాని వెనకాల సన్నగా అవ్వ గొంతు. కారు పక్కకు తీసి నిలిపాను. నాయన కాళ్ళు కింద పరిచిన రబ్బరు మ్యాటు మీద మగ్గం తొక్కినట్టే ఒకటి మార్చి ఒకటి తొక్కుతున్నాయి. పాట మధ్యలో టేపులోని మగ్గం ఆగింది, తల్లి పాట బాగా వినాలని అప్పట్లో నాయన ఆపి ఉంటాడు. వెంటనే అవ్వ కసురుకుంది: "మగ్గం నిలపాకురా, నాకు పాట మర్సిపోతాది."

టేపులో మగ్గం మళ్ళీ మొదలైంది. బయట మా వీధిలో ఒకప్పుడు ప్రతి గడపలోంచీ వినిపించిన ఆ చప్పుడు ఇప్పుడు ఒక్క ఇంట్లోనూ లేదు. చిన్నాయన గుమ్మంలోంచి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు, పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని అరుస్తున్నాడు. తాళం తిప్పి బండి ఆపానంటే మళ్ళీ మొదటి భజనే. నాయన కాళ్ళు ఆగేదాకా నేను ఇంజన్ ఆపలేదు.