సైదులు అన్న అడిగిన ఐదో జవాబు

నిన్న ఉదయం ఒక మిల్లు పరీక్ష పని మీద కోదాడ బస్సులో ఉన్నాను. మునగాల దగ్గర పడుతుండగా ఫోన్ వచ్చింది.

సైదులు అన్న లేడు.

పొద్దున్నే ఛాతీలో నొప్పి అన్నాడట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

నా ఒళ్లో ఆ రోజు పనుల లిస్ట్ ఉంది. ఏడు పనులు. మూడోది: "సైదులు అన్నకు ఫోన్ చేసి కొత్త ప్రశ్నలు వినిపించాలి."

ఆ లైన్ మీద పెన్ను పెట్టాను. కొట్టివేయలేకపోయాను.

మన ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆయన తెలియదు. అందుకే రాస్తున్నాను.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మెషిన్ ఆపరేటర్. సొంత ఊరు మునగాల పక్కనే. ఇంట్లో అందరూ గొర్రెలు పెంచినవాళ్లే. మెషిన్ పనిలోకి వచ్చిన మొదటివాడు ఆయన. నాకన్నా పదేళ్లు పెద్ద.

2001లో సూర్యాపేటలో కంప్యూటర్ సెంటర్ పెట్టినప్పుడు నాకు నేర్పినవారు ఎవరూ లేరు. మాన్యువల్స్ చదివి, నా తప్పులు నేనే నోట్‌బుక్‌లో రాసుకుని నేర్చుకున్నాను.

2012లో ఆ మిల్లు వర్కర్లకు ఆన్‌లైన్‌లో సేఫ్టీ ట్రైనింగ్ పెట్టే పని వచ్చింది. వీడియో పాఠాలు వాళ్లే ఇచ్చారు. ప్రతి పాఠం చివర పరీక్ష జోడించడం నా బాధ్యత. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, సరైన జవాబు, టైమ్, పాస్ మార్కు. నాకు ప్రాణమైన పని.

మిల్లు లోపల మాత్రం ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

పాసైనవాళ్లే మెషిన్ల దగ్గర ఉంటారని, ఫెయిలైనవాళ్లు గోడౌన్‌లో బస్తాలు మోయాలని యజమాని ముందే చెప్పాడు.

రిజల్ట్స్ షీట్ చూస్తూ సైదులు అనే పేరు దగ్గర ఆగాను.

సున్నా.

తప్పు జవాబు ఒక్కటి కూడా లేదు. మొదటి ప్రశ్న దగ్గరే టైమ్ మొత్తం అయిపోయింది. ఏదో ఒక జవాబు నొక్కనిదే రెండో ప్రశ్న రాకుండా సెట్ చేసింది నేనే.

మర్నాడు మిర్యాలగూడ వెళ్లాను.

"మౌస్ పట్టరాలేదా అన్నా?" అని అడిగాను.

"మౌస్ మంచిగనే వచ్చింది సారూ. జవాబే లేకపాయె."

"నాలుగున్నయి గదా."

"నాలుగుంటే ఏం లాభం? ఐదోది యాడ పెట్టినవ్?"

ఆ ప్రశ్న ఇది: వడ్లను పైకి తీసుకుపోయే ఎలివేటర్ జామ్ అయితే, లోపల చెయ్యి పెట్టేముందు ఏం చేయాలి? పాఠం చూసి నేను పెట్టిన జవాబు: స్విచ్ ఆఫ్ చేయాలి.

"నువ్వు స్విచ్ బంద్ జేసి చెయ్యి పెడితివి. అవతలికెల్లి ఇంకోడొచ్చి ఆన్ జేస్తడు. నీ చెయ్యి లోపలున్నదని ఆనికెట్ల ఎరుక?"

"మరేం చెయ్యాలె?"

ఆయన అంగీ జేబు తట్టాడు. "ఫ్యూజు పీకి గీడ ఏసుకోవాలె. పని ఖతమైనంకనే తియ్యాలె."

ఇదివరకు పనిచేసిన మిల్లులో తోటివాడి చెయ్యి అట్లాగే పోయిందట. కళ్లముందే జరిగింది.

"ఏదో ఒకటి నొక్కితే పాసయ్యేటోనివి గదా. ఇప్పుడు బస్తాలు మోయాలె."

"మోస్త. గది నొక్కితే, రేపొచ్చేటోళ్లు గదే నేర్సుకుంటరు సారూ."

సూర్యాపేట తిరిగి వచ్చి, ఐదో ఆప్షన్ చేర్చాను. దాన్నే సరైన జవాబుగా మార్చాను. యజమానిని ఒప్పించాను. ఫలితంగా మిల్లులో అందరూ పరీక్ష మళ్లీ రాయవలసి వచ్చింది.

ఆయనతో పనిచేసే నర్సయ్యకు మండింది. "నీ ఒక్కని కోసం మా అందరికి మళ్ల పరీక్షనా సైదులన్నా?"

"పది వేళ్లున్నయి గదరా. నొక్కు."

సైదులు అన్న పాసయ్యాడు. మెషిన్ దగ్గరే ఉన్నాడు.

అప్పటినుంచి ఏ ప్రశ్ననైనా ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించిన తర్వాతే అప్‌లోడ్ చేసేవాణ్ని. క్రమంగా "సారూ" పోయి "తమ్మీ" వచ్చింది.

"తమ్మీ, గిది కుర్సీల కూసోని రాసినవ్" అనేవాడు కొన్నిసార్లు.

మళ్లీ రాయమని అర్థం. మళ్లీ రాసేవాణ్ని.

నిన్న మునగాలలోనే బస్సు దిగి వాళ్ల ఊరు వెళ్లాను.

కాసేపటికి నర్సయ్య మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. తల మీద, భుజాల మీద ఊక దుమ్ము. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

చేతికి తెల్లటి ఫ్యూజు వచ్చింది.

"ఎలివేటర్ సాఫ్ చేస్తుంటే ఫోనొచ్చింది సార్. గిట్లనే ఉరికొచ్చిన."

"మరి మిల్లు?"

"బందున్నది. సేటు ఒకటే ఫోన్లు." ఫ్యూజును మళ్లీ జేబులో వేసుకున్నాడు. "ఉండనీ. అన్నను సాగనంపినంక పోత."

సాయంత్రం దాకా మిల్లు తిరగలేదు.

అన్నా, కోదాడ మిల్లు పరీక్షలో కూడా మొదటి ప్రశ్న నీదే. ఐదు జవాబులతో.

వెళ్లిరా. నీ చేతులకు విశ్రాంతి, నీ మనసుకు నెమ్మది దొరకాలని కోరుకుంటున్నాను.