తాళమేసిన పెండ్లి ఫోటోలు

నా మొగుడు సాంచెల మీద బట్ట నేస్తూనే కూలిపోయాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. పదో రోజున పటం పెట్టి దండ వేయాలి. ఇంట్లో ఆయన ఫోటో ఆధార్ కార్డు మీదిదొక్కటే ఉంది. అందులో మనిషి బొగ్గుముక్కలా ఉన్నాడు, కండ్లు కూడా సరిగా కానరావు. పోయిన ఎండాకాలం వేములవాడలో ఆడబిడ్డ కూతురి పెండ్లయినప్పుడు, మేనమామగా తలకు రుమాలు చుట్టుకొని పిల్లను మండపంలోకి తెచ్చాడు. ఆ రోజు నవ్వాడు. నాకా మొఖమే కావాలి.

ఆ ఫోటోలను ఫోటోగ్రాఫరు తన వెబ్‌సైటులో పెట్టి పాస్‌వర్డ్ వేశాడట. అతను ఆసిఫాబాద్ దిక్కు పెండ్లికి పోయాడు, ఫోను కలవలేదు. తెల్లారితే పదో రోజు. నేనే ఇంటర్నెట్ సెంటరుకు పోతానని లేచాను. ఆడబిడ్డ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“దినాలు కాకముందే గడప దాటుతవా వదినె? నలుగురేమంటరు?”

“మీ అన్న మొఖం లేకుంటే రేపు దండ ఎవ్వలికేస్తవ్?”

కొంగు తలమీద కప్పుకొని పోయాను. సెంటరులో కూర్చున్న ఇద్దరు, నేను మైలలో ఉన్నానని తెలిసి లేచి బయటికి పోయారు. సెంటరతను మాత్రం కుర్చీ జరిపాడు. పెండ్లయిన మేనకోడలు ఫోనులో చెప్పిన పాస్‌వర్డ్ కొట్టాడు. ఫోటోలు వచ్చాయి. ఆయన కనిపించాడు.

వెబ్‌సైటు ఫోటోలను విడిగా దించుకోనివ్వడం లేదు, పేజీ మొత్తం ప్లగిన్‌తో పీడీఎఫ్ చేసి తీస్తానన్నాడు. ప్లగిన్ అంటే కంప్యూటరుకు తగిలించుకునే చిన్న పనిముట్టట. మెషీన్లోంచి కాగితం వచ్చింది. దాని మీద తాళం బొమ్మ, కింద పాస్‌వర్డ్ కొట్టే ఖాళీ డబ్బా.

“నా మొగడేడి తమ్మీ?”

“పాస్‌వర్డ్ కొట్టి నేను లోపటికి పోయిన గని, గా ప్లగిన్ బయటనే నిలబడ్డదక్కా. దానికి తాళమే కనబడ్డది.”

ఇంకో ప్లగిన్ తగిలించాడు. ఇది తెరిచి ఉన్న పేజీని ఉన్నదున్నట్టు తీస్తుందన్నాడు. అట్లాగే తీసింది. తెర మీద నేను పట్టించుకోని ఇంగ్లీషు అక్షరాలు కాగితం మీద ఆయన నుదుటి నుంచి రొమ్ము దాకా ఏటవాలుగా పడ్డాయి. ఫోటోగ్రాఫరు దుకాణం పేరట, ఎవరూ ఎత్తుకపోకుండా వేస్తారట. తుడవరాదా అంటే, తుడిస్తే మొఖం కూడా పోతదన్నాడు. పెద్దగా చేస్తే కండ్లు మసకబారాయి, అక్షరాలు ఇంకా లావయ్యాయి. అదే ఫ్రేము కట్టించాను.

తెల్లారి ఆయన అన్న, మా బావ, పటం చూసి మొఖం చిట్లించాడు. చచ్చినోని మీద దుకాణం పేరేంది, ఆధార్ ఫోటోనే పెడదామన్నాడు. ఆడబిడ్డ పటం చేతుల్లోకి తీసుకొని చాలాసేపు చూసింది.

“నవ్వుతుండు గదా అన్నా. ఇదే ఉండనీయ్” అన్నది.

దండ వేస్తే రొమ్ము మీది అక్షరాలు మూసుకున్నాయి. నుదుటి మీదివి మూసుకోలేదు. బొట్టు వాటి మీదే పెట్టాను.