తాళం లేని గది

కలకత్తాలో బేలెఘాటా వైపు ఫ్యాన్లకు తీగ చుట్టించాలంటే ఎవరినడిగినా నకుల్ హల్దార్ కొట్టే చూపిస్తారు. చూపించి, కాస్త ఓపిక పట్టాలి సుమా అని కూడా అంటారు. నాలుగు దాటితే మనిషి కొట్టులో ఉండడు. ఎండాకాలంలో పేటంతా గాలి లేక ఉక్కిరిబిక్కిరి అవుతున్నా సరే, షట్టరు సగం దించి పక్క సందులోని మైదానానికి వెళ్ళి గట్టు మీద కూర్చుంటాడు. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. ఈయన ఆట చూడడు, ఆకాశం చూస్తాడు.

వాయవ్యాన కాస్త నల్లబడితే చాలు, కేకలు మొదలు.

"రండ్రా! చాలించండి, లోపలికి రండి!"

"ఒక్క గోలు కాకూ!" అంటారు పిల్లలు. కాకూ అంటే బాబాయి.

"గోలూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నడవండి!"

కాలబైశాఖి గాలివాన గురించి ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆయనకు ఇరవై రెండేళ్ళప్పుడు అలాంటి సాయంత్రమే, ఇదే మైదానంలో, తమ్ముడు పోల్టూ గోల్‌కీపరుగా నిలబడ్డాడు. గాలివాన విరుచుకుపడగానే తలా ఒక దిక్కు పరిగెత్తారు. పోల్టూ మూలనున్న క్లబ్బు గది దగ్గరికి పరిగెత్తాడు. గదికి తాళం వేసి ఉంది. క్యారమ్ పావులు పోతున్నాయని కార్యదర్శి హరిసాధన్ బాబు తాళం వేసుకుని భోంచేసి పడుకున్నాడు. పోల్టూ కాసేపు తలుపు బాదాడు. తరవాత పక్కనున్న కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడ్డాడు. పిడుగు ఆ చెట్టు మీదే పడింది. ఎదురుగా మిఠాయి కొట్టు పందిరి కింద నిలబడి నకుల్ అదంతా చూశాడు.

దినం అయిన మర్నాడు సుత్తి పట్టుకెళ్ళి ఆ తాళం పగలగొట్టాడు.

"ఇదేం పనయ్యా నకుల్? రేపు మన టీము గెలిచిన కప్పులెత్తుకుపోతే ఎవరిది పూచీ?" అన్నాడు హరిసాధన్ బాబు.

"ఎత్తుకుపోనీండి దాదా. ఈ గదికి ఇంకో తాళం వేస్తే మళ్ళీ పగలగొడతాను. మీరు ఎన్ని కొంటారో కొనండి."

హరిసాధన్ బాబు మళ్ళీ కొనలేదు. ఆ రోజు నుంచి ఆ క్లబ్బు గదికి తాళం లేదు. పావులు పోయాయి, పోటీల్లో గెలిచిన కప్పు పోయింది, చందాలేసుకుని కొన్న టీవీ కూడా పోయింది. పేటలో ఒక్కరూ నకుల్‌ని పల్లెత్తు మాట అనలేదు. గోడకి తగిలించిన పోల్టూ ఫోటోని మాత్రం ఏ దొంగా ముట్టలేదు.

కానీ గది అగ్గిపెట్టంత. వాన వస్తే చిన్నపిల్లలు లోపల ఒకరి మీద ఒకరు పడి నిలబడేవారు, పెద్దవాళ్ళు చూరు కింద తడిసేవారు. ఉరిమినప్పుడల్లా నకుల్ గుండె గుభేలుమనేది. గదికి ముందు పొడుగాటి రేకుల వరండా ఒకటి వెయ్యాలని పంతం పట్టాడు. ఇంతకంటే పెద్ద కోరిక ఆయన జన్మలో కోరలేదు. వార్డు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఎన్నికలప్పుడు వచ్చిన ప్రతివాడికీ టీ పోయించి అడిగాడు. అందరూ టీ తాగారు. జుట్టు నెరిసింది గానీ వరండా రాలేదు.

అప్పుడొచ్చింది సౌదామిని ఫౌండేషన్. జనపనార మిల్లులవాళ్ళు తమ తల్లి పేరున పెట్టిన సంస్థ. నగరంలో పేద పేటల్లో యువజన కేంద్రాలు కట్టిస్తామని బయల్దేరారు. వాళ్ళ తరఫున ఇప్షిత అనే అమ్మాయి మైదానం చూడటానికి వచ్చింది. మంచి పిల్ల. గట్టు మీదే కూర్చుని, పొట్లంలో మరమరాలు తింటూ నకుల్ చెప్పిందంతా విన్నది. పోల్టూ సంగతి దగ్గర ఆమె కళ్ళు తడయ్యాయి.

"రేకుల వరండా చాలమ్మా మాకు," అన్నాడాయన.

"అంత చిన్నవాటికి మా దగ్గర డబ్బుండదు నకుల్ బాబూ. కడితే మూడంతస్తుల కేంద్రమే. హాలు, కంప్యూటర్లు, లైబ్రరీ, అన్నీ ఉంటాయి. కాకపోతే స్థలం కాస్త ఎక్కువ కావాలి."

"పిల్లలు వాన వస్తే లోపలికి రావచ్చా?"

"వాళ్ళ కోసమే కదండీ కట్టేది!"

పాపం, ఆమె అబద్ధమాడలేదు. అలాగే అనుకుంది.

ఆ మాట పేటంతా పాకింది. సాయంత్రానికి మట్టికాళ్ళతో పిల్లలంతా కొట్టు ముందు మూగారు.

"కాకూ, మన మైదానం పోతుందంటున్నారు, నిజమా?"

"పోదురా. సగం ఉంటుంది. సగంలో మేడ వస్తుంది."

"సగంలో ఏం ఆడతాం కాకూ? బంతి కొడితే ఎవరింట్లోనో పడుతుంది."

"నోర్మూసుకోండ్రా. ప్రాణం ఉంటే ఎక్కడైనా ఆడుకోవచ్చు," అని కసిరాడు.

సభ జరిగింది. అటు కొందరు, ఇటు కొందరు, గొంతులు చించుకున్నారు. చివరికి ముసలి హరిసాధన్ బాబు కర్ర ఆనించి లేచాడు. "తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు నకుల్. ఆ తాళం కప్ప వేసినవాణ్ణి నేను. ఇంక మాట్లాడే మొహం నాకు లేదు. వాడు ఊ అంటే ఊ, కాదంటే కాదు."

నకుల్ చెయ్యెత్తాడు. ఆయన వెనక అందరి చేతులూ లేచాయి.

ఆయన కళ్ళకు పైకప్పు ఒక్కటే కనబడింది. దాని కింద ఎంత నేల పోతుందో కనబడలేదు. మనసులో ఒకే పుండు పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగిన మనిషిని ఎవరు మాత్రం తప్పుపడతారు? నాకైతే నోరు రాదు.

మేడ లేచింది. మిగిలిన సగంలో ముందు ఇసుక పోశారు, తరవాత జనరేటరుకు గది వేశారు, ఇంకా మిగిలినచోట రాళ్ళు పరిచి కార్లు నిలిపేందుకు గీతలు గీశారు. పాత గదిని ఒక్క పూటలో కూల్చేశారు. పోల్టూ ఫోటో కొత్త హాల్లో పెడదామంటే, దాతగారి తల్లి చిత్రం తప్ప గోడల మీద ఇంకేం ఉండకూడదట. నకుల్ దాన్ని తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఇన్నాళ్ళకి మరిదిగారు ఇంటికొచ్చారు," అంది భార్య శెఫాలి. దేవుడి పక్కన పెట్టి, కొంగుతో అద్దం తుడిచింది.

ప్రారంభోత్సవానికి రిబ్బన్లు కట్టారు, సందేశ్ మిఠాయి పెట్టెలు పంచారు. నకుల్‌కి శాలువా కప్పి, మొదటి వరసలో కూర్చోబెట్టారు. గాజు తలుపు, తలుపుకి తాళం, తాళానికి కాపలావాడు. కంప్యూటర్లున్నాయి కదా, తప్పదన్నారు. పేరు రాయించుకున్నవాళ్ళు శుభ్రమైన చెప్పులతో వచ్చి, కంప్యూటరు నేర్చుకుని వెళ్ళిపోతున్నారు. బంతి ఆడే పిల్లలు మాత్రం రాలేదు. వాళ్ళు కాలువ అవతల, రైల్వేవాళ్ళ ఖాళీ నేలలో గోలు కర్రలు పాతుకున్నారు. అక్కడ కప్పు సంగతి అటుంచి, చుట్టుపక్కల గోడ కూడా లేదు.

ఈ సంగతి నకుల్‌కి శెఫాలే చెప్పింది.

"అక్కడ ఆకాశం ఎవరు చూస్తున్నారు?" అన్నాడాయన.

అంత దూరం రోజూ నడిచే ఓపిక ఆయన మోకాళ్ళకు లేదు. అయినా నాలుగింటికి షట్టరు దించడం మానలేదు. కేంద్రం మెట్ల మీద కూర్చునేవాడు. శాలువా కప్పించుకున్న మనిషి కనక కాపలావాడు ఏమీ అనేవాడు కాదు.

వైశాఖం చివర్లో ఒక సాయంత్రం వాయవ్యం కాటుక పులిమినట్టయింది. దుమ్ము లేచింది. నకుల్ లేచి నిలబడి, అలవాటు కొద్దీ "రండ్రా!" అని కేక వేశాడు. రాళ్ళు పరిచిన నేల మీద నిలబడ్డ కార్లు తప్ప ఎదురుగా ఎవరూ లేరు. వాన దబదబా మొదలైంది. ఆయన లోపలికి వెళ్ళి గాజు తలుపు బార్లా తెరిచి, భుజంతో ఆపి నిలబడ్డాడు. కాలువ వైపు మెరుపు మెరిసినప్పుడల్లా కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. ఒక ఉరుముకి మేడ అద్దాలన్నీ అదిరాయి. "పోల్టూ," అన్నాడు, తనకి తెలియకుండానే.

చాలాసేపటికి వానలోంచి వాళ్ళు కనిపించారు. ముద్దగా తడిసి, మోకాళ్ళ దాకా బురదతో, బంతిని చొక్కాలో దాచుకుని, పరాచికాలాడుకుంటూ వస్తున్నారు. అందరూ ఉన్నారు. నకుల్ చెయ్యి ఊపాడు.

"లోపలికి రండ్రా! రండి, ఉరుముతోంది!"

వాళ్ళు ఆగారు. తెల్లటి నేల వంకా, తమ కాళ్ళ వంకా చూసుకున్నారు.

"వద్దు కాకూ. బురదకాళ్ళు. నేల పాడైపోతుంది."

"పాడైతే నేను తుడుస్తానురా! రండి నాయనా!"

"మొన్న నిలబడితే తరిమేశారు కాకూ. ఎందుకులే, ఇల్లు దగ్గరే," అన్నారు. కోపంతో అనలేదు. పెద్దాయన నొచ్చుకుంటాడని మెల్లగా అన్నారు. మళ్ళీ ఉరిమింది. వాళ్ళు నవ్వుకుంటూ, తలలు వంచుకుని వానలోకి పరుగెత్తారు.

"తలుపు వేసెయ్యండి దాదా, జల్లు లోపలికి కొడుతోంది," అన్నాడు కాపలావాడు, బకెట్టూ గుడ్డా పట్టుకొచ్చి.

నకుల్ భుజం తీశాడు. తలుపు దానంతటదే మూసుకుంది. ఆ పెద్ద కప్పు కింద తడవకుండా నిలబడింది పేటవాళ్ళల్లో ఆయనొక్కడే.