ఇద్దరికీ ఒకే జ్వరం

నాకు జ్వరమొస్తే గల్లీ అంతటికీ తెలియాలి. ఆ గుణం ఇప్పటికీ పోలేదు. ఊరంతా స్వైన్ ఫ్లూ భయం పాకిన ఆ చలికాలంలో, తెలంగాణ ఉద్యమం రోజుకో బంద్‌తో ఉడికిపోతున్నప్పుడు, కర్మన్‌ఘాట్‌లోని మా కిరాయి ఇంట్లో నేను మంచమెక్కి ఒకటే మూలుగు. నా భార్యకూ అదే జ్వరం. పైగా ఏడో నెల. అయినా దగ్గుకుంటూనే నాకు జావ కాచింది.

నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అమ్మకు ఇందులో వింతేమీ కనబడలేదు. మగపానం నాజూకుదట, ఆడపానం గట్టిదట. నేనూ నిజమేననుకున్నాను. అలా అనుకుంటే నాకే సుఖం మరి.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ మాత్రం నా మూలుగును లెక్కచేయలేదు. జ్వరం గోళీలు రాసిచ్చి పడుకోమంది. తర్వాత నా భార్యను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డను నిలుపుకోవడానికి ఒంట్లో హార్మోన్లు బాగా పెరుగుతాయట. వాటివల్ల వైరస్‌తో శరీరం పోరాడే తీరే మారిపోవచ్చునట. దానికితోడు పెరిగే కడుపు ఊపిరితిత్తులను పైకి నెడుతుందట. అందుకే మొగుడు నాలుగు రోజుల్లో లేచి తిరిగే జ్వరం పెళ్లానికి ప్రాణం మీదికి తేవచ్చునట. స్వైన్ ఫ్లూ మందు బయట షాపుల్లో దొరకని రోజులవి. డాక్టరమ్మ దాన్ని తెప్పించి నా చేతిలో పెట్టింది.

"ఈ మాత్రలు మీ ఆవిడకేనండి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. ఒక్కటీ మానకూడదు."

నేను బుద్ధిమంతుడిలా తలూపాను. ఆ తలూపడంతోనే నా పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చి మళ్లీ మంచమెక్కాను. పూటపూటకూ నా భార్య వేడినీళ్లు తెచ్చి నా అరచేతిలో గోళీలు పెట్టేది. కళ్లు మూసుకునే మింగేవాణ్ని. మూడో రోజుకు నా జ్వరం దిగింది. లేచి టీవీలో బంద్ వార్తలు చూస్తూ కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే వంటింటి గడప దగ్గర ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మాట చెప్పడానికి కూడా ఊపిరి అందడం లేదు. పెదాలు నీలంగా మారాయి. పరుగెత్తి పక్కింటి తలుపు బాదాను.

పక్కింటాయన ఆటో తీశాడు. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యి, దానిమీద అన్నం గుండిగ, చుట్టూ జెండాలు. నేనూ ఉద్యమంలో తిరిగినవాణ్నే. పోయిన వారమే ఎల్బీనగర్ చౌరస్తాలో ఓ కారుకు అడ్డంగా కూర్చున్నాను, లోపల ఎవరున్నారో తొంగి కూడా చూడలేదు. ఇప్పుడు నేనే ఆటో దిగి బూతులు లంకించుకున్నాను. ఇద్దరు నా కాలర్ పట్టుకున్నారు. గరిటె తిప్పుతున్న ఒక పెద్దామె లేచి వచ్చి ఆటోలోకి చూసింది.

"ఏంది చూస్తున్నరు? గుండిగ దించుండ్రి," అంది.

నలుగురు కలిసి ఉడుకుతున్న గుండిగను పక్కకు మోశారు. పొయ్యిరాళ్లను కాళ్లతో తన్ని దారి చేశారు. నన్ను పట్టుకున్నవాళ్లే ఆటో ముందు పరుగెత్తి జనాన్ని తప్పించారు.

దవాఖానలో ఆమెకు ఆక్సిజన్ పెట్టారు. అదే డాక్టరమ్మ వచ్చి, మాత్రలు సరిగ్గా వేసుకుందా అని నన్నడిగింది. ఒక్క పూట కూడా తప్పలేదని గట్టిగా చెప్పాను. నా భార్య చేత్తో మాస్కు కాస్త పక్కకు జరిపింది.

"నేను ఏసుకోలే, మేడం. కడుపుల బిడ్డకు ఏడి జేస్తదని అత్తమ్మ అన్నది. ఈయనకు జ్వరం దిగుతలేదని ఈయనకే ఇచ్చిన."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్లీ మందు తెప్పించి, మొదటి మాత్ర నా చేతనే వేయించింది. సగం నీళ్లు నా భార్య మెడ మీదే ఒలకబోశాను.

రెండు రోజులు ఆమె కళ్లు సరిగ్గా తెరవలేదు. బిడ్డ గుండె కొట్టుకుంటోందా అని పూటకు పదిసార్లు నర్సుల వెంటపడ్డాను. మా అమ్మ బయట మెట్ల మీదే కూర్చుంది. ఐదో రోజు పొద్దున మాస్కు తీశారు. బిడ్డ కూడా బాగానే ఉందన్నారు. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"మీకు తగ్గిందా?" అని అడిగింది.

నేను ఆ చేతిని దించి, ఆ పూట మాత్ర అందులో పెట్టి, వేడినీళ్లు అందించాను.